నాన్నగారి ఊపిరితిత్తుల్లో రక్తం సరిగా పారుతోందా? ఏ స్కాన్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు రాస్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీ నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతారు. కోవిడ్ న్యుమోనియాతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, అందులో ఆరు రోజులు ఆక్సిజన్ మీద. అప్పటి హెచ్‌ఆర్‌సీటీ స్కోరు 25కి 9. ఇంటికొచ్చి మూడు వారాలైంది. కూర్చుంటే సాచురేషన్ 95 ఉంటోంది, మేడ మెట్లెక్కితే 89కి పడిపోతోంది. రక్తం గడ్డల అనుమానం ఉంటే చేసే డీ-డైమర్ పరీక్ష 1850, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8. ఛాతీ డాక్టరుగారు పల్మనరీ యాంజియో సీటీ రాశారు. కిడ్నీ డాక్టరుగారు స్కాన్ కోసం సిరలోకి ఎక్కించే డై వద్దు, రక్తప్రసరణ చూసే పర్‌ఫ్యూజన్ స్కాన్ చేయిద్దాం అన్నారు. డాలస్‌లో ఉన్న మీ బావగారేమో డ్యూయల్ ఎనర్జీ సీటీలో రక్తప్రసరణంతా రంగుల్లో కనపడుతుంది, అదే చేయించండి అంటూ వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపారు. మీరడిగింది ఇది: మూడింట్లో ఏది మేలు? అసలు ఆసుపత్రిలో తీసిన సీటీలో రక్తం గడ్డ ఉందని ఎవరూ అనలేదు కదా, మళ్లీ ఇంకో స్కాన్ ఎందుకు?

నేను రేడియాలజిస్టుని. ఇరవై రెండేళ్లుగా ఛాతీ స్కాన్లు చూడడమే పని. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆఖరి మాట ఆయన్ని చూస్తున్న డాక్టర్లదే. ఇంకొకటి, మిగతాది చదివే ముందే చెప్పాలి. కూర్చున్నప్పుడే సాచురేషన్ 92 కంటే దిగినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి వచ్చినా, కఫంలో రక్తం పడినా, ఒక కాలే వాచినా, ఏ స్కాన్ మంచిదన్న చర్చ పక్కన పెట్టి రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అనుమానం గట్టిగా ఉంటే స్కాన్ కంటే ముందే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మొదలుపెడతారు, అది సబబే.

ముందు హెచ్‌ఆర్‌సీటీ సంగతి. అది డై ఎక్కించకుండా తీసే స్కాన్. అందులో పారే రక్తమూ, గడ్డకట్టిన రక్తమూ దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి. రక్తనాళం కనపడుతుంది, లోపల ఏముందో కనపడదు. కాబట్టి ఆ రిపోర్టులో గడ్డ గురించి లేదంటే గడ్డ లేదని కాదు, ఆ పరీక్ష గడ్డ కోసం వెతకనే లేదని. 25కి ఎంత అనే స్కోరు కూడా ఎంత ఊపిరితిత్తి తెల్లబడిందో లెక్క తప్ప రక్తప్రసరణ గురించి ఒక్క ముక్క చెప్పదు. 2021లో మన ఊళ్లలో హెచ్‌ఆర్‌సీటీని షుగర్ పరీక్షలా చేయించుకున్నారు. తొమ్మిది అంటే ఊపిరి పీల్చుకుని, పదిహేడు అంటే ఏడ్చేవాళ్లు. తొమ్మిది వచ్చినవాళ్లు ఆక్సిజన్ చాలక ఇబ్బంది పడటం, పదిహేడు వచ్చినవాళ్లు మంచం దిగి నడిచిపోవడం రెండూ చూశాను. ఊపిరితిత్తిలో గాలి ఎంత పోతోందన్నది సగం కథే. ఆ గాలి దగ్గరికి రక్తం వస్తోందా అన్నది మిగతా సగం.

ఆ మిగతా సగం అర్థం కావాలంటే మా కృష్ణా డెల్టా పొలాలు తలుచుకుంటాను. గుండె నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. పెద్ద కాలువ, దాన్నుంచి పిల్ల కాలువలు, వాటినుంచి బోదెలు, చివరికి మడి. ఆ మడి దగ్గర, అంటే గాలి బుడగల చుట్టూ ఉండే సన్నటి కేశనాళికల్లో, ఏ క్షణాన చూసినా ఉండేది ఒక టీ గ్లాసుడు రక్తం. అది సుమారు 70 చదరపు మీటర్ల మేర పల్చగా పరుచుకుంటుంది. ఒక్కో ఎర్రకణం అక్కడ ఉండేది ముక్కాలు సెకను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పావు సెకనుకే ఆక్సిజన్ ఎక్కేస్తుంది.

ఈ కాలువల మీద ఒక లస్కరు కూడా ఉన్నాడు. ఏ మడిలో పంట లేదో, అంటే ఎక్కడికి గాలి చేరడం లేదో, ఆ వైపు తూము దించేసి నీటిని పంట ఉన్న వైపు మళ్లిస్తాడు. స్వీడన్‌లో ఆయిలర్, లిలియెస్ట్రాండ్ అనే ఇద్దరు 1946లో పిల్లుల మీద ప్రయోగం చేసి చూపించింది దీన్నే: ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే నాళాలు విచ్చుకుంటాయి, ఇక్కడ మాత్రం తద్విరుద్ధం. మామూలు న్యుమోనియాలో చీము పట్టిన భాగానికి రక్తం తగ్గేది ఇందుకే. దాన్నిబట్టే మనిషి నెట్టుకొస్తాడు.

కోవిడ్‌లో రెండు గొడవలు ఒకేసారి వచ్చాయి. కొన్నిచోట్ల లస్కరు పని మానేశాడు. గాలి లేని భాగానికి రక్తం ధారాళంగా వెళ్లి, ఆక్సిజన్ ఎక్కకుండానే తిరిగొచ్చి మంచి రక్తంలో కలిసిపోయింది. సాచురేషన్ 80ల్లో ఉన్నా ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చున్న పేషెంట్లు ఉన్నారంటే కారణాల్లో ఇదొకటి. మరికొన్నిచోట్ల బోదెలే పూడుకుపోయాయి. రక్తనాళాల లోపలి పొరను వైరస్ జబ్బు వాచేలా చేస్తుంది, ఆ గరుకు మీద రక్తం అక్కడికక్కడే గడ్డకడుతుంది. 2020లో వచ్చిన ఒక పరిశీలనలో కోవిడ్‌తో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తుల్నీ, ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. గాలి బుడగల చుట్టూ ఉండే కేశనాళికల్లో సూక్ష్మమైన గడ్డలు ఫ్లూ కంటే కోవిడ్‌లో తొమ్మిది రెట్లు ఎక్కువ. ఏడుగురే కదా అనొచ్చు. కానీ అప్పటికి మేం స్కానర్ల ముందు చూస్తున్నదానికి అది సరిగ్గా అతికింది. పెద్ద గడ్డలూ తక్కువేం కాదు. నెదర్లాండ్స్ ఐసీయూల్లో 184 మంది కోవిడ్ పేషెంట్లను చూస్తే 31 శాతం మందికి ఏదో ఒక రకం గడ్డల సమస్య వచ్చింది, అందులో ఎక్కువ ఊపిరితిత్తుల్లోనే. అది కూడా గడ్డలు రాకుండా మందు ఇస్తుండగా.

ఇప్పుడు మీ మూడు స్కాన్లు. మూడూ ఒకే ప్రశ్నకు మూడు జవాబులని అందరూ అనుకుంటారు. కాదు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

పల్మనరీ యాంజియో సీటీ చెప్పేది కాలువలో అడ్డం ఉందా లేదా అన్నది. మోచేతి దగ్గర కాస్త లావు సూది పెడతారు. పచ్చరంగు క్యానులా అయితే మంచిది, లేదంటే గులాబీ రంగుది. నీలంది పనికిరాదు, అంత జోరుకు అది తట్టుకోదు. సెకనుకు నాలుగైదు మిల్లీలీటర్ల వేగంతో 50 నుంచి 80 మి.లీ. అయొడిన్ డై పంపుతారు. డై ఊపిరితిత్తి ధమని మొదట్లోకి వచ్చిన క్షణం కనిపెట్టి స్కాన్ తీస్తారు. నాళాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తాయి, గడ్డ ఉన్నచోట ఆ తెలుపు మధ్యలో బూడిదరంగు ముద్ద కనపడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాల వరకూ బాగా చూడగలం. కేశనాళిక మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. కాబట్టి పైన చెప్పిన సూక్ష్మ గడ్డలు ఇందులో కనపడవు, ఎంత మంచి మిషనైనా సరే.

డ్యూయల్ ఎనర్జీ అంటే ఇదే యాంజియోని రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్-కిరణాలతో తీయడం. తక్కువ శక్తి కిరణాలను అయొడిన్ బాగా మింగేస్తుంది, ఎక్కువ శక్తివాటిని అంతగా మింగదు. ఆ తేడాను లెక్కగట్టి ఊపిరితిత్తిలో ఏ మూల ఎంత అయొడిన్ చేరిందో కంప్యూటర్ ఒక పటం గీస్తుంది. మీ బావగారు పంపిన రంగుల బొమ్మ అదే. ఇందులో అడ్డం కనపడకపోయినా నీరు చేరని మడి కనపడుతుంది. 2020లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు కోవిడ్ పేషెంట్ల పటాలు చూసి, జబ్బు ఉన్న చోట నాళాలు ఉబ్బి ఉండటం, అంచుల్లో రక్తం చేరని పాచెస్, కొన్ని మచ్చల చుట్టూ రక్తం ఎక్కువైన వలయం గమనించి రాశారు. లస్కరు పని మానేసిన చోటూ, బోదె పూడిన చోటూ ఒకే బొమ్మలో పక్కపక్కన ఉన్నాయన్నమాట.

కానీ బావగారికి ఒక మాట చెప్పండి. ఆ బొమ్మలో ఉన్నది ప్రవాహం కాదు. ఒక క్షణంలో తీసిన ఫొటో అది. మడిలో తడి ఉందని తెలుస్తుంది, నీరు పారుతోందో నిలిచిపోయిందో తెలియదు. ఆ రంగులూ ఊపిరితిత్తి వేసుకున్నవి కావు, మేం సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్నవి. స్కేలు కాస్త అటు జరిపితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పటం కూడా నల్లగా భయపెడుతుంది. ఇటు జరిపితే జబ్బు ఉన్నవాళ్ల పటం పండగ ముగ్గులా కళకళలాడుతుంది. నల్లటి మచ్చ కనపడగానే గడ్డ అని కూడా అనలేం. గడ్డ అడ్డం పడి ఉండొచ్చు. లస్కరు సరిగ్గా పనిచేసి తూము దించి ఉండొచ్చు. అక్కడి ఊపిరితిత్తి ముందే పాడైపోయి, పొగతాగేవాళ్లలో గాలి బుడగలు పాడయ్యే ఎంఫిసీమాలా, నాళాలే మిగలక పోవచ్చు. అదీ కాకపోతే మేం తీయడంలో తప్పు జరిగి ఉండొచ్చు. నాలుగింటికీ పటం ఒకటే నలుపు. ఏది ఏదో తేల్చాలంటే పటం కింద ఉన్న మామూలు నలుపు తెలుపు బొమ్మలో అదే చోటు చూడాలి. అక్కడ ఊపిరితిత్తి శుభ్రంగా ఉండి, పటంలో మాత్రం గోడవైపు వెడల్పుగా త్రికోణంలా నలుపు ఉంటే గడ్డను అనుమానించాలి. అక్కడ న్యుమోనియా మచ్చ కూడా ఉంటే తొందరపడకూడదు.

నాలుగో కారణం గురించి ఊరికే చెప్పడం లేదు, నేను చేసిన తప్పు ఉంది. 2021 మే, రాత్రి పదకొండు దాటింది. నలభై ఆరేళ్ల టైలరు, పది లీటర్ల ఆక్సిజన్ మీద సాచురేషన్ 84. పీపీఈ కిట్లో టెక్నీషియన్ చెమటలో నానిపోతున్నాడు. మైకులో గట్టిగా అరిచాడు: ‘అన్నా, ఊపిరి బాగా గట్టిగా పీల్చి ఆపు!’ ఆయన పాపం ఉన్న శక్తంతా పెట్టి పీల్చాడు. బొమ్మలు వచ్చాయి. రెండు ఊపిరితిత్తుల కింది భాగాలకు వెళ్లే ధమనులు బూడిదరంగులో, పటంలో కిందంతా నలుపు. రెండు వైపులా పెద్ద గడ్డలని ఐసీయూకి ఫోన్ చేయబోతున్నాను. ఆ టెక్నీషియనే అన్నాడు, సార్, బృహద్ధమని ఇంత తెల్లగా ఉందేంటి, పల్మనరీ కంటే ఎక్కువ ఉంది కదా అని. చూస్తే నిజమే. డై ముందు చేరాల్సింది ఊపిరితిత్తి ధమనికి, ఆ తర్వాతే గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే బృహద్ధమనికి. ముందు మడి ఎండి, వెనక మడి నిండిందంటే మధ్యలో ఏదో జరిగింది. అంత బలంగా ఊపిరి లాగినప్పుడు పొట్టలోంచి వచ్చే పెద్ద సిర డై లేని రక్తాన్ని ఒక్కసారిగా గుండెలోకి దింపేస్తుంది. సరిగ్గా మేం ఫొటో తీసే క్షణానికి ధమనిలో ఉన్నది ఆ డై లేని రక్తం. గడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు. పది నిమిషాలాగి, ఈసారి ‘మామూలుగా పీల్చి అలా ఆపండి చాలు’ అని మళ్లీ తీస్తే రెండు వైపులా నాళాలు తెల్లగా వచ్చాయి. ఆయనకు మరో 60 మి.లీ. డై అనవసరంగా ఎక్కింది. ఆ తప్పు నాది, టెక్నీషియన్‌ది కాదు. ఏం చెప్పాలో ముందు చెప్పాల్సింది నేను. అప్పట్నుంచి మా కన్సోల్ మీద ఒక కాగితం అంటించి ఉంది: ‘గట్టిగా అనొద్దు.’ మీ నాన్నగారికి కూడా స్కాన్‌కి వెళ్లే ముందు ఇంట్లోనే చెప్పి పంపండి.

మూడోది పర్‌ఫ్యూజన్ స్కాన్. గాలి స్కాన్‌తో కలిపి చేస్తే వీ/క్యూ స్కాన్ అంటారు. ఇది న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ల పని, మాది కాదు. నాకు చాలా ఇష్టమైన పరీక్ష కూడా. ఆల్బుమిన్ ప్రోటీన్‌ని సన్నటి రేణువులుగా చేసి టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం అంటించి చేతి సిరలోకి ఎక్కిస్తారు. ఒక్కో రేణువు 10 నుంచి 90 మైక్రాన్లు, కేశనాళిక కంటే లావు. అందుకని రక్తం ఎక్కడికి తీసుకెళ్తే అక్కడే మడి అంచున ఇరుక్కుంటాయి. లక్షల రేణువులు వెళ్తాయి కానీ వెయ్యి నాళాల్లో ఒక్కటి కూడా మూసుకోదు, కొన్ని గంటల్లో కరిగిపోతాయి. గామా కెమెరా కింద పడుకోబెడితే రేణువులు చేరినచోటల్లా వెలుగుతుంది. డై లేదు, కిడ్నీతో పని లేదు, రేడియేషన్ కూడా ఒకటి రెండు మిల్లీసీవర్ట్‌లే. మనం ఏ స్కానూ తీయించుకోకపోయినా ఏడాదికి ప్రకృతి నుంచి వచ్చేదే సగటున 2.4 ఉంటుంది. పైగా నిజంగా రక్తం ఎటు పారిందో చూపేది మూడింట్లో ఇదొక్కటే. తడిని కాదు, నీటితోపాటు కొట్టుకొచ్చి ఆగిన గింజల్ని లెక్కపెడుతున్నాం కాబట్టి.

ఆ టెక్నీషియం ఆరు గంటలకోసారి సగానికి తగ్గిపోతుంది కాబట్టి నిల్వ పెట్టుకోలేరు. మాలిబ్డినం ఉన్న జనరేటర్ తెప్పించుకుని రోజూ పొద్దున్నే అందులోంచి పిండుకుంటారు. వాళ్లు దాన్ని ముద్దుగా ఆవు అంటారు, పాలు పితికామంటారు. అందుకే ఇది సందు చివర స్కాన్ సెంటర్లో దొరకదు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నచోటికే వెళ్లాలి, ముందు రోజే ఫోన్ చేసి. సూది వేసేటప్పుడు ఒక చిన్న విషయం చూస్తారు: సిరంజిలోకి రక్తం వెనక్కి లాగకూడదు. లాగితే రేణువులు ఆ రక్తంతో ముద్దకట్టి, ఊపిరితిత్తిలో అక్కడక్కడ అగ్గిచుక్కల్లా కనపడి రిపోర్టు రాసేవాళ్లను తికమకపెడతాయి.

ఇంత మంచిదైతే మీ నాన్నగారికి ఇదే ఎందుకు చెప్పడం లేదు? దీని బలం అంతా ఎక్స్‌రే శుభ్రంగా ఉన్న ఊపిరితిత్తుల్లో. గాలి బాగా వెళ్తూ రక్తం మాత్రం వెళ్లని చోటు దొరికితే గడ్డ అని గట్టిగా అనగలం. మీ నాన్నగారికి మూడు నాలుగు వారాల కిందటే స్కోరు 9. ఆ మచ్చలు ఇంకా పూర్తిగా పోయి ఉండవు. మచ్చ ఉన్నచోట గాలీ తగ్గుతుంది, రక్తమూ తగ్గుతుంది. పైగా కోవిడ్ రోజుల్లో తుంపరల భయంతో గాలి స్కాన్ మానేసి రక్తం స్కాన్ మాత్రమే చేయడం అలవాటైంది. ఒక్క రక్తం స్కానే చేస్తే నల్లమచ్చకు కారణం గడ్డా, న్యుమోనియానా అని తేలకుండా రిపోర్టులో ‘చెప్పలేం’ అని వస్తుంది. మళ్లీ యాంజియోకే వస్తారు.

ఇక కిడ్నీ. క్రియాటినిన్ 1.8 అంటే 58 ఏళ్ల మగవారికి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందన్న లెక్క, సుమారు 43 వస్తుంది. సిరలోకి ఎక్కించే డై విషయంలో అమెరికా రేడియాలజీ కాలేజీ జాగ్రత్త పడమనేది 30 కంటే తక్కువ ఉన్నప్పుడు, లేదా కిడ్నీ అప్పటికప్పుడు దెబ్బతింటున్నప్పుడు. 43 స్థిరంగా ఉంటే యాంజియో ఆపాల్సిన పని లేదు. కాబట్టి అసలు అడగాల్సింది 1.8 ఎంత అన్నది కాదు, ఎటు పోతోంది అన్నది. ఆసుపత్రికి ముందు 1.7 ఉండి ఇప్పుడు 1.8 అయితే ఒకటి. ముందు 1.0 ఉండి, వారం కిందట 1.4, ఇవాళ 1.8 అయితే అది పూర్తిగా వేరే కథ. అప్పుడు ఈజీఎఫ్‌ఆర్ లెక్కే తప్పు, కిడ్నీ డాక్టరుగారి మాటే నెగ్గాలి. బహుశా ఆయన దగ్గర పాత రిపోర్టులున్నాయేమో, అందుకే వద్దన్నారేమో. ఇద్దరు డాక్టర్లనూ ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకోమనండి, మధ్యలో మీరు మాటలు మోయకండి. మెట్‌ఫార్మిన్ గురించి కూడా వాళ్లనే అడగండి. 30 పైన స్థిరంగా ఉంటే ఆపక్కర్లేదనే కొత్త సలహా, మన దగ్గర చాలా సెంటర్లలో మాత్రం ఇంకా 48 గంటలు ఆపిస్తారు. ఆపినా కొంప మునిగేదేం లేదు.

డీ-డైమర్ 1850 చూసి మీరు బెంబేలెత్తినట్టున్నారు. ఆ అంకె పక్కన యూనిట్ చూడండి. ఎఫ్‌ఈయూ అని ఉంటే ఒక లెక్క, డీడీయూ అని ఉంటే దాన్ని సుమారు రెట్టింపు చేసి చదవాలి. రెండు ల్యాబుల్లో చేయించి పెరిగింది, తగ్గింది అనుకునేవాళ్లలో చాలామంది చూస్తున్నది యూనిట్ల తేడానే. ఎఫ్‌ఈయూలో యాభై దాటినవాళ్లకు వయసును పదితో గుణిస్తే హద్దు వస్తుంది, అంటే మీ నాన్నగారికి 580. 1850 హద్దు దాటిందే. కానీ ఈ పరీక్ష మామూలుగా వస్తే గడ్డ లేదని చెప్పడానికి పనికొచ్చినంతగా, ఎక్కువ వస్తే ఉందని చెప్పడానికి పనికిరాదు. న్యుమోనియా తగ్గుతున్నప్పుడూ పెరుగుతుంది. డబ్లిన్‌లో కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్లను చూస్తే నాలుగో వంతు మందికి నెలల తరబడి ఎక్కువగానే ఉంది. నాకు ఆ 1850 కంటే మేడ మెట్లు ఎక్కితే 89 అవుతోందన్నదే ఎక్కువ ఆలోచించాల్సిన అంకె.

అందుకే నా సలహా ఇలా ఉంటుంది. ముందు తేలికైనవి, ఇవాళే అయిపోయేవి: రెండు కాళ్ల సిరల్లో రక్తం పారడం చూసే డాప్లర్ అల్ట్రాసౌండ్, గుండెకు ఎకో, ఒక ఎక్స్‌రే, క్రియాటినిన్ మళ్లీ. డాప్లర్‌లో తొడ దగ్గర గడ్డ కనపడితే చాలా వరకు ఆట అక్కడే ముగుస్తుంది, ఎందుకంటే ఊపిరితిత్తిలో గడ్డకిచ్చే మందే దానికీ ఇస్తారు. డాప్లర్ శుభ్రంగా ఉందని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. వైరస్ న్యుమోనియాలో గడ్డ కాలి నుంచి కొట్టుకురాకుండా ఊపిరితిత్తిలోనే పుట్టవచ్చని పైనే చెప్పుకున్నాం. ఎకోలో కుడి గుండె ఉబ్బిందా, ఊపిరితిత్తి ధమనిలో ఒత్తిడి పెరిగిందా అని ప్రత్యేకంగా చూడమనండి.

క్రియాటినిన్ పెరగకుండా ఉంటే పల్మనరీ యాంజియో చేయించండి. ఎందుకంటే మీ నాన్నగారి మెట్ల ఆయాసానికి గడ్డ ఒక్కటే కారణం కానక్కర్లేదు. కోవిడ్ తర్వాత ఊపిరితిత్తి గట్టిపడుతూ ఉండొచ్చు, దానికి స్టిరాయిడ్స్ అవసరం పడొచ్చు. యాంజియోలో నాళాలతో పాటు ఊపిరితిత్తి కణజాలం కూడా అంత స్పష్టంగానూ కనపడుతుంది, ఒకే స్కాన్‌తో రెండు అనుమానాలూ తీరతాయి. దగ్గర్లో డ్యూయల్ ఎనర్జీ మిషన్ ఉంటే, అదే డైతో పటం కూడా వస్తుంది, అదనంగా సూది ఏమీ లేదు, తీసుకోండి. దానికోసం వంద కిలోమీటర్లు వెళ్లొద్దు. పటంలో అంచుల వెంట నాలుగు నల్లమచ్చలు వచ్చి, నాళాల్లో గడ్డ ఏదీ కనపడకపోతే, ఆ రంగుల్ని చూపించి రక్తం పలుచన చేసే మందు పూర్తి డోసు రాయమని ఎవర్నీ ఒత్తిడి చేయొద్దు. కోవిడ్‌లో పూర్తి డోసు హెపారిన్ మీద 2021లో పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. వార్డులో ఉన్న మధ్యస్థ జబ్బువాళ్లకు కొంత మేలు చేసింది, ఐసీయూలో ఉన్నవాళ్లకు చేయలేదు. సూక్ష్మ గడ్డలు ఎక్కువగా ఉన్నది బహుశా ఐసీయూ వాళ్లలోనే. పటం చూసి మందు రాయడం అంత తేలికైతే ఆ ఫలితం అలా వచ్చేది కాదు.

రేడియేషన్ గురించి కూడా మీరు ఒక లైన్ రాశారు. ఒక సీటీ మూడు నాలుగు వందల ఎక్స్‌రేలతో సమానమని 2021 మేలో ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా అన్నమాట అప్పట్లో టీవీల్లో మోగిపోయింది. మా రేడియాలజిస్టుల సంఘం వెంటనే అది సరికాదంది. ఈ కాలపు మిషన్లకు ఆ లెక్క చాలా పెద్దది. స్కోరు చూసుకోవడానికి వారానికొక సీటీ తీయించుకోవద్దని ఆయన చెప్పదలుచుకున్నదైతే సరైనదే. మీ నాన్నగారికి ఇప్పుడు అడుగుతున్నది అలాంటి సీటీ కాదు.

ఇప్పుడు గడ్డ దొరికి మందు వాడితే, మూడు నెలల తర్వాత కూడా ఆయాసం తగ్గకపోతే, అప్పుడు పర్‌ఫ్యూజన్ స్కాన్‌కి తప్పకుండా వెళ్లండి. కరగని గడ్డలు నాళాల గోడకు అంటుకుపోయి ఊపిరితిత్తి ధమనిలో ఒత్తిడి పెంచే జబ్బు కొద్దిమందికి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి మొదటి పరీక్ష ఇప్పటికీ వీ/క్యూ స్కానే. అప్పటికి న్యుమోనియా మచ్చలూ పోయి ఉంటాయి కాబట్టి బొమ్మ తేటగా వస్తుంది. అది మామూలుగా ఉంటే ఆ జబ్బు లేనట్టే. కిడ్నీ డాక్టరుగారి సలహా తప్పని నేననడం లేదు, దాని సమయం ఇంకా రాలేదంటున్నాను.

ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్‌లలో జెనాన్ వాయువు పీల్పించి ఎంఆర్‌ఐ తీసి, సీటీ మామూలుగా ఉన్నా గాలి రక్తంలోకి దాటడం లేదని చూపించారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఛాతీ చుట్టూ ఎలక్ట్రోడ్ల పట్టీ కట్టి, గాఢమైన ఉప్పునీరు పది మి.లీ. ఎక్కించి మంచం దగ్గరే రక్తప్రసరణ చూసే పద్ధతీ ఉంది. ఇవి చదువుకోవడానికి బాగుంటాయి. మీ నాన్నగారికి ఈ వారంలో పనికొచ్చేవి కావు.

స్కాన్ అయ్యాక సెంటర్లో ఇచ్చే ఫిల్ములతో సరిపెట్టుకోకండి. వాటి మీద పాతికో ముప్ఫయ్యో బొమ్మలుంటాయి, అసలు స్కాన్‌లో వందలుంటాయి. సీడీయో పెన్‌డ్రైవో అడిగి, అందులో డైతో తీసిన సన్నటి ముక్కల సిరీస్ మొత్తం ఉందో లేదో కౌంటర్ దగ్గరే తెరిపించి చూసుకుని బయటికి రండి. పాత హెచ్‌ఆర్‌సీటీ సీడీ కూడా దానితోపాటే పెట్టుకోండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెడితే చూస్తాను. పెట్టేముందు పేరు, ఫోన్ నంబరు కనపడకుండా చెరిపేయండి.